తిన్నదని చెప్పిన్రు

2023 డిసెంబర్ నెల. అప్పటికి నేను దిల్‌సుఖ్‌నగర్‌ల క్లినిక్ పెట్టి పదహారేండ్లు. మెయిన్ రోడ్డు మీదికెళ్లి కోచింగ్ సెంటర్ల సందులకు తిరిగితే, జిరాక్స్ దుకాణం పక్క షట్టర్ నాది. పశువుల డాక్టర్‌ని. చదివింది బర్ల గురించి, గొర్ల గురించి. బతుకుతున్నది కుక్కలతోని, పిల్లులతోని. పాము కేసులు ఏడాదికి రెండో మూడో వస్తయి. పామును చేతుల వట్టుకునే డాక్టర్లు సిటీల తక్కువ, నేను ఒక చిన్న ట్రెయినింగ్ చేసి ఉన్న, అందుకని పంపిస్తరు. నాకు కోపం ఎక్కువని మా కాంపౌండర్ రాజు కొత్తోళ్లకు ముందుగాలనే చెప్పి కూసోవెడతడు. వాడు చెప్పేది నిజమే, కాదనను.

ఆ రోజు సాయంత్రం ఐదింటికి ఒక పెద్దమనిషి స్కూటర్ మీద వచ్చి షట్టర్ బయటనే నిలవడ్డడు. అరవై ఏండ్లుంటయి. తెల్ల షర్టు, మెడల తువ్వాల. లోపల కుక్కలున్నయని జంకుతున్నడేమో అనుకున్న. కాదు. ఆయన భయమంతా స్కూటర్ ముంగట కాళ్లు పెట్టే కాడ బియ్యం సంచిల ఉన్నది. "మీరే తీస్కోన్రి డాక్టరమ్మా, నేను ముట్ట" అన్నడు. సంచిల ప్లాస్టిక్ డబ్బా. డబ్బాల కాగితం ముక్కల నడుమ జానెడు పొడుగుతోని, పెన్సిల్ కంటె సన్నగ, ఒక పాము పిల్ల. నారింజ రంగు ఒళ్లు, దాని మీద ఎర్ర మచ్చలు. దీన్ని కార్న్ స్నేక్ అంటరు. విషం ఉండదు. మన నేల పాముల్ని ఇంట్ల పెంచితే కేసయితది గని ఇది బయటి దేశపుది, ఫారెస్టోళ్ల దగ్గర రాయించుకొని పెంచొచ్చు. ఆ కాగితం గూడ నాలుగు మడతలు వెట్టి జేబుల తెచ్చిండు.

ఆయన పేరు బుచ్చిరెడ్డి. ఎల్బీ నగర్ ఇంకా ఊరు లెక్క ఉన్నప్పటి కాపుదనం వాళ్లది. జొన్నలు పండిన జాగల ఇప్పుడు మూడంతస్తుల బిల్డింగు, ఆరు పోర్షన్లు కిరాయికి. మాట్లాడినంత సేపు ఒక్కసారి గూడ పాము అనలే. 'పురుగు' అన్నడు. మా నల్లగొండ దిక్కు గూడ పెద్దోళ్లు గట్లనే అంటరు, పేరు వెట్టి పిలిస్తె వస్తదని వాళ్ల భయం.

ఆ పురుగు ఆయనది కాదు. పై అంతస్తుల సింగిల్ రూంల ఉండే వంశీది. తెనాలి దిక్కు పిల్లగాడు, ఇరవై నాలుగేండ్లు, ఏదో కంపెనీల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తడట. పది దినాల కింద హయత్‌నగర్ దగ్గర బండి మీదికెళ్లి పడ్డడు, తొడ బొక్క మూడు ముక్కలైంది. ఊరికెళ్లి తల్లి వచ్చేదాక దవాఖానల బుచ్చిరెడ్డే ఉన్నడు. ఆపరేషన్‌కు తీస్కపోయే ముంగట వంశీ ఆయన చెయ్యి గట్టిగ వట్టుకొని, అంకుల్, సింధూరిని చూసుకోండి, దానికెవరూ లేరు అన్నడట. ఎవరో ఆడపిల్ల అనుకున్నడు ఈయన. సరే బిడ్డా, నా మీద వదిలెయ్యి అని మాట ఇచ్చిండు. ఇంటికొచ్చి రూం తాళం తీసినంక తెల్సింది సింధూరి ఎవరో.

నాకు నవ్వొచ్చింది గని ఆపుకున్న, ఎందుకంటె ఆయన మొఖంల నవ్వు లేదు. ఇచ్చిన మాట ఇచ్చిండు, ఇగ అది ఆయన ఇంట్ల అమానత్, నమ్మి అప్పజెప్పిన సొత్తు. వంశీ మెల్కొన్నంక ఫోన్ చేసి ఎట్ల సాకాలెనో చెప్పిండట. ఫ్రిజ్‌ల పింకీలు ఉన్నయి, వారానికొకటి గోరువెచ్చటి నీళ్లల్ల పెట్టి ఇస్తే చాలు, గుటుక్కున మింగుతది అన్నడట. పింకీ అంటె అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల, కండ్లు తెరవంది, వెంట్రుకలు రానిది. బుచ్చిరెడ్డి చిమ్టతోని పట్టి ఒకటి పెట్టిండు. పాము మూతి తిప్పుకున్నది. రెండు దినాలాగి ఇంకొకటి. మళ్ల అంతే.

అవుసులోళ్లు బంగారం తూచే చిన్న కాంటా నా దగ్గర ఉంటది. దాని మీద పెట్టి చూసిన. ఆరు గ్రాముల ఎనిమిది పాయింట్లు. నోరు తెరిచి చూసిన, పుండు లేదు, చీము లేదు. కేస్ షీట్ తీసి ఎప్పటి లెక్కనే హిస్టరీ రాసుకున్న. హిస్టరీ అంటె జబ్బుకు ముందటి కథంత. ఇదివరకు తినేదా? మస్తు తినేదట అన్నడు. నేను 'ఇదివరకు మంచిగ తినేది' అని రాసిన. మంచిగ తినే పాము జాగ మారితే, చలి తగిలితే తిండి మానేస్తది. సామాన్యంగ జరిగేదే. వంశీ నంబర్ ఇయ్యున్రి, రెండు మాటలు అడుగుత అన్న.

అప్పుడు బుచ్చిరెడ్డి కిందికి చూసిండు. ఆ పిల్లగానికి కాలుల చీము వట్టిందట, జ్వరం దిగుత లేదట, ఇంకొక ఆపరేషన్ పడుతదంటున్నరట. ఫోన్ చేసినప్పుడల్ల ముందుగాల అడిగే మాట ఒక్కటే, సింధూరి తిన్నదా అంకుల్ అని. "పెయ్యి బాగలేనోనికి గా ముచ్చట ఎందుకని, తిన్నది అని చెప్పిన డాక్టరమ్మా" అన్నడు.

నాకు తప్పు అనిపియ్యలే. మన ఇండ్లల్ల ఎవరు చెయ్యరు గిది? మనిషి దవాఖానల ఉంటె ఇంట్ల పీనుగ లేచినా చెప్పం. నేను నంబర్ తీసుకోలే. డబ్బా కింద ఒక దిక్కు హీట్ ప్యాడ్ పెట్టుమన్న. దాక్కునేతందుకు చిన్న అట్టపెట్టె బోర్లించుమన్న. ఐదు దినాలు ముట్టొద్దు, మూత తియ్యొద్దు, చూడొద్దు అని చెప్పి పంపిన.

ఐదు దినాలకు వచ్చిండు. ఆరు పాయింట్ ఒకటి. పింకీ ముట్టలే. ఈసారి డబ్బా నా దగ్గర పెట్టుకున్న. మాకు తెలిసిన ఉపాయాలు కొన్ని ఉంటయి. పింకీ మీద మనిషి వాసన పోయేటట్టు కడిగి పెట్టిన. తల మీద సూదితోని చిన్న గాటు పెట్టి, లోపలి వాసన బయటికి వచ్చేటట్టు చేసి పెట్టిన. సైదాబాద్‌ల ఒకాయన ఎలుకలు పెంచుతడు, ఆయన దగ్గర బతికున్న పింకీ తెప్పించి పెట్టిన. పాము దాని పక్కకెళ్లి పోయింది, ఒకసారి నాలుక గూడ ఆడియ్యలే. ఇన్ని చేసి ఐదు పాయింట్ ఆరుకు దించిన.

బుచ్చిరెడ్డి దినాం సాయంత్రం వచ్చేటోడు. లోపలికి రాడు, గడప కాడ నిలవడి నా మొఖం చూస్తడు. నేను తల అడ్డం ఊపుత. అక్కడికెళ్లి మలక్‌పేట దిక్కున్న దవాఖానకు పోయి, ఆ పిల్లగానికి తిన్నదని చెప్తడు. ఒకదినం రెండు తిన్నది అన్నడట. నేను గుర్రుమన్న. చెప్తె చెప్పినవు గని లెక్క పెంచుడెందుకు, గంత చిన్నది ఒక్కనాడు రెండు తింటె పొట్ట పల్గుతది అన్న.

ఇగ ఇట్ల కాదని డబ్బా ఇంటికి వాపస్ పంపి, రెండు దినాలాగి ఒక ఆదివారం నేనే వాళ్లింటికి పోయిన. అది ఉండే జాగ చూడాలె కదా. మెట్లెక్కుతుంటెనే దగ్గొచ్చింది. రూం తలుపు తీస్తె కండ్లల్ల నీళ్లు. మిరపకాయల పొగ. బుచ్చిరెడ్డి భార్య అండాలమ్మ పాముకు దిష్టి తీస్తున్నదట. ఆమెకు గూడ పామంటే చచ్చేంత భయం, గడప లోపలికి రాదు, అయినా గడప కాడనే నిలవడి, ఉప్పు మిరపకాయలు డబ్బా దిక్కు మూడు సుట్లు తిప్పి, బొగ్గుల కుంపట్ల వేస్తున్నది. డబ్బా నా కాడ ఉన్న దినాలల్ల ఖాళీ రూంకు గూడ తీసిందట. ఘాటు రాకపోతె దిష్టి గట్టిగ తగిలినట్టు లెక్క. అందుకని ఘాటు వచ్చేదాక వేస్తది. పాము నాలుకతోని వాసన చూసి బతికే జీవి. దాని పక్కపొంటి గిట్ల కుంపటి పెడితె అది ఏం తింటది? నేను అరిచిన. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, పిల్లగాడు జల్ది లేవాలని చేసిన బిడ్డా అన్నది. అరిచినందుకు సిగ్గయింది. అయినా, దొరికింది కారణం అని లోపల్లోపల సంబురపడ్డ. రూం కడిగిచ్చి, కిటికీలు తెరిపిచ్చి, కుంపటి కిందికి పంపిచ్చి, డబ్బా మళ్ల అక్కడనే పెట్టి, ఇగ తింటది చూడుర్రి అని గట్టిగ చెప్పి వచ్చిన.

తినలే. వారం గడిచింది. ఐదు గ్రాములు.

రెండో ఆపరేషన్‌కు ముందటి రోజు బుచ్చిరెడ్డి నాకు ఫోన్ చేసిండు. వంశీకి తన మాట మీద నమ్మకం కుదురుత లేదట, డాక్టర్ గారితో ఒకసారి మాట్లాడించండి అంకుల్ అంటున్నడట. బీపీ దిగుత లేదు, ఒక్క మాట మీరు చెప్పుర్రి అన్నడు. నేను మీనమేషాలు లెక్క పెట్టలే. ఫోన్ ఇయ్యి అన్న. సన్నటి గొంతు, అటు దిక్కు భాష.

"మేడం, సింధూరి నిజంగా తిన్నదాండీ?"

"తిన్నది నాయనా. నువ్వు రంది పెట్టుకోకు" అన్న.

ఎలా తిన్నదండీ అని అడిగిండు. సాయంత్రం పెట్టి పొద్దుగాల చూస్తె పింకీ లేదు అని అల్లి చెప్పిన. వాడు నవ్విండు. నవ్వుకుంట ఏడ్చినట్టు గూడ వినొచ్చింది. సంతోషం అనుకున్న. రోగి కోరేది పాలే, వైద్యుడు చెప్పేది పాలే అన్నట్టు, వాడు వినాలనుకున్నదే నేను చెప్పిన. పదహారేండ్ల ప్రాక్టీసుల చచ్చిన కుక్క సంగతి గూడ మొఖం మీదనే చెప్పిన మనిషిని, ఒక ఫోన్ కాల్‌ల ఓడిపోయిన. ఆపరేషన్ మంచిగైంది, జ్వరం దిగుడు మొదలైంది అని మర్నాడు బుచ్చిరెడ్డి చెప్తె, మంచి పనే చేసినమనుకున్న.

నాలుగు పాయింట్ ఏడుకు వచ్చినంక నాకు నిద్ర పట్టలే. వెన్నుపూస ఒక్కొక్కటి లెక్క పెట్టొచ్చు. చర్మం నెత్తి మీద ముడత పడుతున్నది. డబ్బా మళ్ల క్లినిక్‌కు తెప్పించి అసిస్ట్ ఫీడింగ్ చేద్దామనుకున్న. అంటె నోరు నిమ్మళంగ తెరిచి, పింకీ తల పండ్లకు ఆనిచ్చి వదిలేసుడు. అదృష్టం ఉంటె పాము తనే మింగుతది. లేకుంటె బెదురుతది, ఆ బెదురుకే చస్తది. మొదటిసారి తల విదిలిచ్చి కక్కింది. రెండోసారి పెట్టిన. ఒళ్లు మెలి తిప్పింది, తిప్పి, నా అరచేతిల వాలిపోయింది. నోరు తెరిచే ఉన్నది. కదులుత లేదు. రాజు బయట కుక్కను మొరగకుండ మూతి వట్టుకొని నిలవడ్డడు. నేను దాని గొంతు కింద చూస్తున్న, ఊపిరి ఆడుతున్నదా అని. ఒకటి. మస్తు సేపటికి ఇంకొకటి. చంపిన అనుకున్న. అప్పుడు నాలుక కొస బయటికొచ్చింది, లోపలికి పోయింది. డబ్బాల పెట్టి, మూత వేసి, గుడ్డ కప్పి, నేను నేల మీద కూసున్న. ఇంకొక్కసారి చేస్తె పోతది అని తెలిసిపోయింది.

కేస్ షీట్ ముంగట పెట్టుకొని మొదటికెళ్లి చదివిన. ఉష్ణోగ్రత, బరువు, పింకీ సైజు, అన్నీ నేను కండ్లార చూసినయే. ఒక్క వాక్యం తప్ప. 'ఇదివరకు మంచిగ తినేది.' ఎవరు చూసిన్రు? బుచ్చిరెడ్డి చూడలే. నేను చూడలే. వంశీ చెప్పిండు. ఎట్ల తినేది, ఏ డబ్బాల పెట్టేటోడు, వెలుగుల పెట్టేటోడా చీకట్ల పెట్టేటోడా, ఇవన్నీ చెప్పగలిగే మనిషి ఒక్కడే ఉన్నడు, మూడు కిలోమీటర్ల దూరంల. ఒక ఫోన్‌తోని అయిపోయే పని. కానీ ఏమని అడగాలె? మంచిగ తింటున్నదని చెప్పినోనికి ఫోన్ చేసి, ఎట్ల తినిపియ్యాలె అని అడుగుతమా? మా అబద్ధమే మా కాళ్లకు చుట్టుకున్నది.

బుచ్చిరెడ్డిని పిలిపించి, పోయి నిజం చెప్దాం పద అన్న. మొదటిసారి క్లినిక్ లోపలికి వచ్చి స్టూలు మీద కూసున్నడు. మాట పోతది డాక్టరమ్మా అన్నడు. ఇంటి ఓనరు అబద్ధం చెప్పిండంటే చెప్పిండు, డాక్టరు గూడ చెప్పిందంటె ఆ పిల్లగాడు ఇగ ఎవర్ని నమ్ముతడు? మళ్ల జ్వరం తిరగబెడితే? అని అడిగిండు. నేను కేస్ షీట్ మడిచి సంచిల పెట్టుకున్న. బతికున్నప్పుడు చెప్తె ఒక మాట పోతది, చచ్చినంక చెప్తె మనిషే పోతడు, నువ్వు రాకున్న నేను పోతున్న అన్న. లేచి స్కూటర్ తాళాలు తీసిండు.

దవాఖానల వంశీ కాలుకు ఇనుప కడ్డీలు బిగిచ్చి పండుకోవెట్టిన్రు. మనిషి సగమయిండు గని కండ్లల్ల కళ ఉన్నది. తల్లి మందులు తెచ్చేతందుకు కిందికి పోయిందట. బుచ్చిరెడ్డి మంచం కాళ్ల దిక్కు నిలవడి తువ్వాల పిండుతున్నడు. నేనే చెప్పిన. ఒక్కసారి గూడ తినలేదు, నెల దాటింది, చచ్చేటట్టున్నది, నీకు అబద్ధం చెప్పినం అన్న. నువ్వు ఎట్ల తినిపిచ్చేటోనివో చెప్పు, ఇప్పుడే పోయి గట్లనే చేస్త అన్న.

వాడు కండ్లు మూసుకున్నడు. కోపం వస్తదనుకున్న. రాలే.

"నా దగ్గర కూడా ఒక్కసారి తినలేదండీ" అన్నడు.

నాకు అర్థం కాలే. మరి గుటుక్కున మింగుతదని అంకుల్‌కు చెప్పినవు గదా అన్న. వాడు గోడ దిక్కు తల తిప్పుకొని చెప్పిండు. అమ్మినాయన మూడుసార్లు తిన్నదన్నాడండీ, నేను కొన్నాక ఐదు వారాలు చూశాను, ముట్టలేదు. "అంకుల్‌కి అది ఉందనే తెలీదు, దాచి పెంచాను. తినని పామని కూడా చెబితే ఎవరుంచుకుంటారండీ? పీడా పోయిందని వదిలేస్తారని భయమేసింది. అందుకే బాగా తింటుందని చెప్పాను." మళ్ల మెల్లగ, "మీరు తిన్నదన్న రోజు నమ్మేశాను మేడం. నా దగ్గర తిననిది మీ దగ్గర తిన్నదంటే, నేను కూడా లేస్తానులే అనుకున్నాను" అన్నడు.

ఆ మాటకు నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి, దాచుకోలే. బుచ్చిరెడ్డి పోయి వాని తల మీద చెయ్యి పెట్టిండు. వాడు ఆ చెయ్యి తీసెయ్యలే గని, ఇటు తిరగలే. అమ్మినోడు లాభానికి ఒక అబద్ధం, కొన్నోడు భయానికి ఒకటి, ఇంటాయన దయకు ఒకటి, నేను గొప్పకు ఒకటి. మొహమాటానికి పోతె ఏమైతదో సామెత అందరికి ఎరుకే, ఇక్కడ రాయను.

కానీ డాక్టర్‌గ నా తలకాయల ఒక లైటు వెలిగింది. నేను ఇన్ని దినాలు చేసిన వైద్యం తిండి మానేసిన పాముకు. ఇది మానేసింది కాదు, మొదలే పెట్టనిది. గుడ్డు కెళ్లి వచ్చినప్పుడు కడుపుల ఉన్న కొవ్వు మీదనే ఇన్ని దినాలు బతికింది. ఆ రెండూ వేరు వేరు జబ్బులు, మందు వేరు. ఈ జాతిల కొన్ని పిల్లలు పుట్టంగనే ఎలుకను తిండి అని గుర్తు పట్టవు, వాటికి మొదటి తిండి బల్లి. ఎలుకకు బల్లి వాసన పట్టిస్తె మోసపోయి మింగుతయి. బల్లి కడుపుల పురుగులుంటయి, అవి పాముకు ఎక్కే భయం ఉంటది, అందుకని మంచిగ తినే పాముకు ఎవరూ చెయ్యరు. ముందుగాల తెలిస్తె మొదటి రోజే చేసేదాన్ని.

డబ్బా తీస్కొని ఎల్బీ నగర్‌కు పోయే సరికి మూడున్నర. అండాలమ్మకు చెప్తె ముందుగాల చెవుల మీద చేతులు పెట్టుకున్నది. పాము చాలదని ఇగ బల్లి గూడనా? మళ్ల తనే, హాల్ల ట్యూబ్‌లైట్ వెనుక ఒకటి ఉంటదని వేలు చూపిచ్చింది. నాకు బల్లి ప్రాణం అక్కర లేదు, తోక చాలు. బుచ్చిరెడ్డి కుర్చీ ఎక్కి చీపురుతోని అదిలిచ్చిండు. మొదటిసారి ఉరికి గడియారం వెనుకకు పోయింది. రెండోసారి తోక వదిలేసి పోయింది. కింద బండ మీద తోక గిలగిల కొట్టుకుంటున్నది. నేను చిమ్ట వెతికేలోపల ఆయన వంగి రెండు వేళ్లతోని ఎత్తి నా చేతిల పెట్టిండు. నెల దినాలుగ చిమ్ట లేంది ఏదీ ముట్టని మనిషి. ఎత్తినంక చెయ్యి చూసుకొని, ఆ చలిల చన్నీళ్లతోని తలస్నానం చేసి వచ్చిండు.

తోకను పింకీ మూతికి, తలకు మంచిగ రుద్దిన. చిన్న ఐస్‌క్రీం డబ్బాకు బొక్కలు పొడిచి, పాముని అందుల పెట్టి, ముంగట పింకీ పెట్టి, నల్ల గుడ్డ కప్పిన. రూం తలుపు దగ్గరికి వేసి, ముగ్గురం మెట్ల మీద కూసున్నం. టీవీ బంద్ చేసిన్రు. ఐదైంది. అండాలమ్మ రెండుసార్లు లేసింది, ఒక్క కన్నుతోని చూసొస్త అన్నది, కూసోబెట్టిన. ఆరింటికి నేనే ఆగలేక పోయి, గుడ్డ కొస లేపి చూసిన. పింకీ అట్లనే ఉన్నది. పాము మూల విడిచిపెట్టి దాని ముంగటికి వచ్చి ఉన్నది. నాలుక ఆడుతున్నది, ఒకటే ఆడుతున్నది. గుడ్డ దించి వచ్చి కూసున్న. ఏమైందని బుచ్చిరెడ్డి అడగలే, నేను చెప్పలే. ఏదన్న చెప్తె మళ్ల అబద్ధమైతదని ఇద్దరికి భయం. నాలుగు పాయింట్ ఏడు గ్రాముల ప్రాణం, ఇది తప్పితె నా దగ్గర ఇంకొక దారి లేదు.

ఏడుంబావుకు ముగ్గురం పోయినం. నేను గుడ్డ తీసిన. ఫోన్ లైటు వేలు సందుల కెళ్లి పట్టిన. పింకీ కనపడలే. పాము నోట్ల కెళ్లి రెండు చిన్న గులాబి రంగు కాళ్లు బయటికున్నయి. గొంతు ఒక్కసారి అలలాడింది, కాళ్లు గూడ లోపలికి పోయినయి. అండాలమ్మ నా జబ్బ గట్టిగ వట్టుకున్నది, గోర్లు దిగినయి. మెల్లగ గుడ్డ కప్పి బయటికొచ్చినం. బుచ్చిరెడ్డి గోడకానుకొని చిన్న పిల్లగాని లెక్క ఏడ్చిండు.

అక్కడనే నిలవడి వంశీకి ఫోన్ చేసిన. తిన్నది నాయనా, నిజంగ తిన్నది అన్న. "సరేనండీ. థ్యాంక్సండీ" అన్నడు. గంతే. ఆ గొంతు ఇప్పటికీ యాదికుంది. దవాఖానల పడుకున్నోనికి ఇంకొక ధైర్యం చెప్తున్నరు అనుకున్నడు. వీడియో తీసి పంపుదామంటె, తిన్నంక దాన్ని ముట్టొద్దు, లైటు వెయ్యొద్దు, బెదిరితె కక్కుతది. డబ్బా తీస్కపోయి చూపిద్దామంటె అంతకంటె ప్రమాదం. నిజం మా చేతులనే ఉన్నది, ఇయ్యరాదు. వాడు మర్నాటికెళ్లి బుచ్చిరెడ్డిని సింధూరి సంగతి అడుగుడే బంద్ చేసిండు. పోయి కూసుంటె వేరే మాటలు మాట్లాడేదట. ఆ బాధ ఆయనను తినేసింది.

ఐదో రోజు పొద్దుగాల బుచ్చిరెడ్డి ఫోన్. డబ్బాల ఏదో పడి ఉన్నది డాక్టరమ్మా, నల్లగ, తెల్లగ, చిన్న గోలీ అంత, రోగమా అని అడిగిండు. రోగం కాదు, రెట్ట, అరిగింది, ఇగ భయం లేదు, తీసి పారెయ్యి అన్న. పారెయ్యలే. పది గంటలకు దవాఖాన గేటు కాడికి రమ్మన్నడు.

నేను పోయే సరికి వంశీ తల్లి మంచం పక్కనే ఉన్నది. బుచ్చిరెడ్డి షర్టు జేబుల కెళ్లి మందుల దుకాణం చిన్న కవర్ తీసిండు, అందుల టిష్యూ కాగితం, కాగితంల అది. విప్పి వంశీ ఎదురొమ్ము మీద పెట్టిండు.

"నా మాట నమ్మకు బిడ్డా. గిది నమ్ము" అన్నడు.

వంశీ దాన్ని చూసిండు. వేలుతోని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు, వాసన గూడ చూసిండు. రెండు నెలల మీద ఏం తినని ప్రాణి దగ్గర ఇది ఉండదు, వానికి నా అంత బాగనే తెలుసు. గొంతుల కెళ్లి ఏదో చప్పుడు వచ్చింది, అది నవ్వై, కడ్డీల కాలు కదిలి నొప్పి లేసి, అయినా నవ్వుకుంటనే ఉన్నడు. ఏవిట్రా అది అని తల్లి అడిగింది. మేమిద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. వంశీ ఆగలే. "పాము రెట్టమ్మా. నా పాముది" అన్నడు. ఆమె మంచం పట్టె పట్టుకొని అక్కడనే కూసున్నది. నాలుగు నెలలకు వాడు చేతికర్రతోని ఎల్బీ నగర్ మెట్లెక్కిండు, అప్పటికి సింధూరి పదకొండు గ్రాములు.

ఆ కేసు తర్వాత నా షీట్‌ల ఒక గడి పెంచిన. 'తింటున్నదా' కింద 'చూసింది ఎవరు' అని. కుక్క కానీ, పిల్లి కానీ, చిలుక కానీ, జవాబు చెప్పేది అది కాదు, దాని మనిషి. ఆ మనిషి చెడ్డోడయి అబద్ధం చెప్పడు, ఇష్టంతోని చెప్తడు, సిగ్గుతోని చెప్తడు, మనం తిడతమని చెప్తడు. ఆ గడి కాడికి వచ్చినంక మీరు కండ్లార చూసిన్రా అని అడుగుత, కోపం లేకుండ. సగం మంది అక్కడ ఆగి, జరసేపు నేల దిక్కు చూసి, అసలు ముచ్చట మొదలుపెడతరు. నేనైతె ఇగ ఎవరికీ, ఎంత బాగలేనోళ్లకైనా, చూడని దాన్ని తిన్నదని చెప్పలే.